ఎవరి కాలూ పడని కారు

పోయినవారం మన డ్రైవింగ్ మాస్టారిని షోరూములో వదిలేసి వచ్చాం. ఒక చేతిలో బుకింగ్ రసీదు, ఇంకో చేతిలో వాళ్ళిచ్చిన కాఫీ, ముఖం నిండా వెలుగు. ఆయనింకా అక్కడే నిలబడి ఉన్నారేమోనని మీరు బెంగపడక్కర్లేదు. కాఫీ తాగేసి ఇంటికొచ్చేశారు. వచ్చాకే అసలు రభస మొదలైంది. ఇరవై రెండేళ్ళుగా ఊరందరికీ కారు నడపడం నేర్పిన మనిషి తనకంటూ ఒక కారు కొనుక్కోవడం ఇదే మొదటిసారి. అది కొత్తదే అయ్యుండాలని ఆయన పట్టుదల. పాతదైతేనేం, మంచిదైతే చాలదా అని భార్య. "కొత్తదో పాతదో, ముందు నాకు ఎక్కడానికి వీలుగా ఉండాలి" అని తల్లి, ఎటూ తేల్చకుండా. షోరూమువాళ్ళు శనివారం సాయంత్రం ఐదింటిదాకా గడువిచ్చారు. ఆలోపు ఊఁ అంటే కారు ఈయనది, లేదంటే వరసలో తరువాత ఉన్నవాళ్ళది.

ఇవాళే ఆ శనివారం. మధ్యాహ్నం మూడు కావస్తోంది.

ఆ ఇంట్లో ముందుగది మాస్టారి బడి. బల్ల మీద సుద్దముక్కతో గీసిన నాలుగు రోడ్ల కూడలి, దాని మీద అగ్గిపెట్టెలంత బొమ్మకార్లు, పక్కన ఎప్పుడో చచ్చిపోయిన కారు నుంచి ఊడదీసిన స్టీరింగు. కొత్తగా చేరినవాళ్ళు వారంరోజులు ఆ స్టీరింగు పట్టుకుని బల్లని నడిపాకే నిజం కారు ఎక్కాలి. వెనకగది ఆయన భార్యది. ఆవిడ కార్ల సీట్లు కుడుతుంది. చిరిగినవి విప్పుతుంది, లోపల స్పాంజి మారుస్తుంది, కొత్త కవరు తొడుగుతుంది. బజారులో అందరూ ఆవిణ్ణి సీట్లక్క అంటారు, మనమూ అలాగే అందాం. రెండు గదులకీ మధ్య తలుపు లేదు, కర్టెన్ ఉంది. ఆ కర్టెన్ పక్కనే కుర్చీ వేసుకుని అమ్మ కోడలికి బాబిన్లు చుట్టిపెడుతూ ఉంటుంది. బడి పెట్టిన రోజు నుంచీ ఆ కుర్చీ అక్కడే ఉంది.

"ఒక్కసారి చూసొద్దాం రండి. చూస్తే మీ కళ్ళేమైనా అరిగిపోతాయా?" అంది సీట్లక్క, కత్తెర పక్కన పెడుతూ.

ఆవిడ చెప్పేది కళ్ళ డాక్టరమ్మగారి తెల్లకారు గురించి. నాలుగు వీధుల అవతల ఇల్లు. రిటైరైన మనిషి. చీకటి పడితే ఎదురు లైట్లకి తన కళ్ళే సరిగా ఆనడం లేదని, ఇక నడిపింది చాలని కారు అమ్మకానికి పెట్టారు.

"పాత కారు నాకొద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అన్నారు మాస్టారు.

"ఎందుకొద్దో ఇంకోసారి చెప్పండి. మొన్న చెప్పింది సగమే అర్థమైంది."

ఆవిడకి మొత్తం అర్థమైంది. ఆయన నోట మళ్ళీ వినాలని సరదా, అంతే. అయినా మాస్టారు చెప్పారు. ఆ మాట చెప్పడమంటే ఆయనకి ఎప్పుడూ విసుగు లేదు.

"నేనింతవరకూ కూర్చున్న కారల్లా ఊరి ఉమ్మడి ఆస్తి. బ్యాంకు మేనేజరు కాలు, పూలకొట్టు అమ్మాయి కాలు, పోస్టుమాస్టరు కాలు, ఆయన బావమరిది కాలు. నా బడి కారు క్లచ్ మీద పడని కాలు ఈ ఊళ్ళో లేదు. నాకు ఒక్కటంటే ఒక్కటి, ఎవరి కాలూ పడని కారు కావాలి. దాని క్లచ్ మీద మొదటిసారి పడే కాలు నాదై ఉండాలి. ఇంతకంటే ఏమైనా అడిగానా నేను జీవితంలో?"

అడగలేదు. అది నిజమే. చొక్కా గుడ్డ కూడా ఆవిడే ఎంచి తేవాలి ఆయనకి. అందుకే సీట్లక్క గట్టిగా కాదనలేకపోతోంది.

"షోరూము కారుని మాత్రం లారీ మీదికి ఎవడో ఒకడు నడిపే ఎక్కించి ఉంటాడుగా? ఆ కాలు లెక్కలోకి రాదా?" అంది.

"కనుక్కున్నాను. బూట్లకి ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని నడుపుతారట."

సీట్లక్క నవ్వాపుకోలేక మిషను మీదికి వంగిపోయింది. "అది కూడా అడిగారా! ఆ షోరూము పిల్ల ఏమనుకుందో పాపం!"

"ఏమనుకుంటే నాకేం. సరే, పద. చూడనన్నానని జన్మంతా సాధిస్తావు. ఐదులోపు వచ్చేయాలి." మాస్టారు చెప్పుల కోసం వెతుకుతూ అటూ ఇటూ చూశారు. "అమ్మేది?"

"వాకింగుకి వెళ్ళారు."

"మండుటెండలో వాకింగేమిటి?"

"కొత్త బూట్లు కదా, కాలు నిలవదు" అంది సీట్లక్క.

నెలన్నర కిందట అమ్మ ఉన్నట్టుండి గుడ్డబూట్లు కొనిపించుకుంది. అరవై ఎనిమిదేళ్ళ వయసులో చెప్పులు మానేసి బూట్లేమిటమ్మా అంటే, మోకాళ్ళకి మంచిదట అంది. మాస్టారు ముచ్చటపడి తానే లేసులు కట్టారు కూడా. ఇవాళ పొద్దున ఆ బూట్లతోనే గుమ్మంలో నిలబడి కొడుకుతో ఒక మాట అంది. "డాక్టరమ్మ కారు చూడ్డానికి వెళ్తే ఒకటి గుర్తుంచుకో. రెండో గేరు కాస్త మొండిది. అదిలిస్తే వినదు, బుజ్జగించాలి." నీకెవరు చెప్పారని అడిగితే, ఇంకెవరు చెప్తారు, ఆవిడే చెప్పింది అని వెళ్ళిపోయింది. అమ్మా, డాక్టరమ్మా పార్కులో నడక స్నేహితులు. మాస్టారు ఆ సంగతి అంతటితో మర్చిపోయారు.

డాక్టరమ్మగారి గేటు ముందు తెల్లకారు కడిగి పెట్టి ఉంది. అసలు మాస్టారికి డాక్టరమ్మ పరాయి మనిషేం కాదు. ఎనిమిదేళ్ళ కిందట, ఉద్యోగం విరమించిన నెలలోనే వచ్చి ఆయన దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్నారు. అరవై ఏళ్ళ మనిషి మొదటి ప్రయత్నంలోనే పరీక్ష గట్టెక్కారని మాస్టారు పొంగిపోయి, ఆవిడ లైసెన్సు పట్టుకుని నిలబడ్డ ఫొటో ఫ్రేము కట్టించి ముందుగదిలో గోడకి తగిలించారు. కొత్తవాళ్ళెవరైనా నాకు రాదేమో మాస్టారూ అని గునిస్తే ఆ ఫొటో చూపిస్తారు. ఆ మర్నెలలో కొన్న కారే ఇది.

"రండి మాస్టారూ, రండి! మీ శిష్యురాలి కారుకి మీరే పరీక్ష పెట్టాలి" అన్నారు డాక్టరమ్మ. ఆరడుగుల మనిషి. గొంతు అంతకంటే పొడుగు.

మాస్టారు ఆ పరీక్ష ఫెయిలు చేయడానికే వచ్చారని మీకూ నాకూ తెలుసు. ఆయన కారు చుట్టూ తిరిగారు. వంగి టైర్లు చూశారు, సమంగా అరిగి ఉన్నాయి. తలుపులు ఒక్కొక్కటీ తెరిచి మూశారు, నాలుగూ ఒకే చప్పుడు చేశాయి. బానెట్ ఎత్తి ఆయిలు పుల్ల తీసి చూపుడువేలికి రాసుకుని ఎండలో పట్టి చూశారు. ఎప్పుడైనా విప్పి బిగించారేమోనని బోల్టుల మీద పానా గీతల కోసం చూశారు. ఎక్కడా ఏ వంకా దొరకలేదు. తప్పు దొరకని కొద్దీ ఆయనకి చిరాకు పెరిగింది. 

"ఊఁ, బయట బాగానే ఉంది" అన్నారు పుల్లవిరుపుగా. "లోపలెలా ఉందో."

"తాళాలివిగో. నడిపి చూడండి."

మాస్టారు తాళాలు తీసుకున్నారు. తలుపు తీశారు. కూర్చున్నారు. బెల్టు పెట్టుకున్నారు. ఎడమచెయ్యి మోకాలి మీద పెట్టుకుని, రోడ్డు వైపు చూస్తూ, "ఊఁ. ముందు అద్దాలు సరిచేసుకోండి. కంగారేం లేదు" అన్నారు.

ఎవరూ సరిచేసుకోలేదు. పక్కసీటు ఖాళీ.

"ఎవరికండీ చెప్తున్నారు?" అంది సీట్లక్క కిటికీలోంచి తొంగిచూసి.

డాక్టరమ్మ నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకోవాల్సి వచ్చింది. ఇరవై రెండేళ్ళు డ్రైవరు పక్కసీట్లో బతికిన మనిషి మరి. కారు తలుపంటే ఆయన చేతికి ఆ వైపు తలుపే. మాస్టారు దిగి, కారు చుట్టూ తిరిగి, అసలు సీట్లోకి వచ్చారు. వచ్చి కూర్చోబోతే మోకాళ్ళు స్టీరింగుకి ఠక్కున కొట్టుకున్నాయి.

"అబ్బా! ఇంత ముందుకా! డాక్టరుగారూ, మీ ఎత్తుకి ఈ సీట్లో ఎలా పడుతున్నారండీ?"

"వెనక్కి జరుపుకోండి. మీట కిందుంది" అన్నారు డాక్టరమ్మ. అడిగింది ఒకటి, చెప్పింది ఒకటి. మాస్టారు అది గమనించలేదు. సీట్లక్క గమనించింది.

ఆవిడ వెనక కూర్చుంది. మాస్టారు కారు కదిలించారు. వీధి చివరిదాకా వెళ్ళి, మూతపడ్డ మిల్లు గోడ వెంట ఒక చుట్టు తిరిగి రావాలని.

ఆయన తప్పులు పట్టడానికే ఎక్కారు కానీ, పాపం ఆయన కాలు ఆయన మాట వినలేదు. పట్టుబట్ట తడిమిన బట్టలకొట్టువాడి వేలు అది పట్టేనని చెప్పేసినట్టు, క్లచ్ మీద పాదం ఆనించగానే ఆయన పాదానికి అంతా తెలిసిపోయింది. ఈ పెడల్ మీద ఎవరూ ఊరికే కాలు పెట్టి కూర్చోలేదు. ఎవరూ తన్నలేదు. నొక్కినవాళ్ళు పూర్తిగా నొక్కారు, వదిలినవాళ్ళు మెల్లగా వదిలారు. మాస్టారు బడిలో మొదటిరోజు చెప్పే మాట ఒకటుంది. నిద్రపోతున్న పసివాడి తల కింద నుంచి చెయ్యి తీసినట్టు క్లచ్ మీద నుంచి కాలు తీయాలి, అని. నూటికి తొంభైమంది తలూపి, కారెక్కాక తన్నేస్తారు. ఈ కారు నడిపినవాళ్ళు మాత్రం ఆ మాట మనసుకి పట్టించుకున్నారు.

మిల్లు గోడ మలుపులో రెండో గేరు పడలేదు. మాస్టారు గట్టిగా నెట్టబోయారు. ఎందుకో పొద్దుటి అమ్మ మాట గుర్తొచ్చి చెయ్యి వదులు చేసి, వేళ్ళతో మెల్లగా జరిపారు. గేరు బుద్ధిగా వెళ్ళి కూర్చుంది.

"ఎలా ఉంది?" అంది సీట్లక్క వెనక నుంచి.

"ఫరవాలేదు" అన్నారు మాస్టారు. ఆ ఫరవాలేదు అనడానికి ఆయన ఎంత యాతన పడ్డారో దేవుడికెరుక. కారు బాగుంది. చాలా బాగుంది. అదే ఆయన బాధ. బాగోలేకపోతే హాయిగా షోరూముకి ఫోను చేసేవారు. కొత్త కారులో ఆ ప్లాస్టిక్ కాగితం చింపి సీట్లో కూర్చోవడం ఆయన ఎన్నిసార్లు ఊహించుకున్నారో.

గేటు ముందు ఆగాక సీట్లక్క దిగి, భర్తని కూడా దింపి, డ్రైవరు సీటు ముందు గొంతుక్కూర్చుంది. ఇది ఆవిడ పద్ధతి. ఇంజను గురించి ఆవిడకేం తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. కారు సంగతి సీటునడిగితే చెప్తుందని ఆవిడ నమ్మకం. కుట్టు వెంట వేళ్ళు దూర్చింది. వీపు ఆనేచోట స్పాంజిని అరచేత్తో నొక్కింది. కూర్చునేచోట నొక్కింది. ముందు అంచుని బొటనవేలితో అంగుళం అంగుళంగా నొక్కుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగింది. మళ్ళీ నొక్కింది. కళ్ళు చిన్నవి చేసింది.

"ఏమిటి?" అన్నారు మాస్టారు.

"ఈ సీట్లో ఇద్దరు కూర్చున్నారండీ."

"ఇద్దరా?"

"ఒకేసారి కాదు మహానుభావా. ఒకరి తరువాత ఒకరు. ఇదిగో, వెనకాల లోతుగా దిగింది చూడండి, ఇది పొడుగుమనిషి, డాక్టరమ్మగారు. అది ఏళ్ళ నాటి పల్లం. ముందు అంచున ఇంకోటుంది. చిన్నది, ఈ మధ్యది. ఎవరో పొట్టి మనిషి, అంచుకి జరిగి కూర్చుని, ఎడమ తుంటి మీద బరువేసి..." ఆవిడ అక్కడ మాట ఆపేసింది. పెదవి కొరుక్కుంది. ముఖంలో నవ్వులాంటిది ఏదో వచ్చి, దాక్కుంది.

మాస్టారు ఆ నవ్వు చూడలేదు. ఆయనకి కావలసింది దొరికింది. తప్పు! చివరికి ఒక తప్పు! ఛాతీ విరుచుకుని గేటు వైపు తిరిగారు.

"డాక్టరుగారూ, మీరు పెద్దవారు, అనకూడదు. కానీ ఒక్కరే నడిపిన కారని కదా చెప్పారు?"

"ఒక్కరి పేరు మీదే ఉందన్నాను. ఒక్కరే నడిపారని నేనెప్పుడన్నాను?" అన్నారు డాక్టరమ్మ తొణక్కుండా.

"అదీ సంగతి! అందుకే సీటంత ముందుకుంది! ఎవరికో నేర్పుతున్నారన్నమాట ఈ కారు మీద. నేర్చుకునేవాళ్ళ కాలు పడిన కారా నాకు అంటగడుతున్నారు? జీవితమంతా అదే కదండీ నాది! వద్దుగాక వద్దు. నా కారు షోరూములో ఉంది. ఎవరి కాలో పడిన కారు నాకొద్దు."

"ఏవండీ" అంది సీట్లక్క.

"నువ్వుండు!"

"ఉంటాను కానీ, ముందు డిక్కీ తెరిచి చూడండి. పనిముట్లు చూడలేదు మీరు."

కోపంలో ఉన్న మనిషి ఏదో ఒకటి తెరవడానికి దొరికితే తెరుస్తాడు. మాస్టారు విసురుగా డిక్కీ ఎత్తారు. లోపల జాకీ ఉంది, స్పేర్ టైరు ఉంది, దాని మీద ఒక దిండు ఉంది. ఎర్ర రెక్సిన్ ముక్కలు అతికి, నీలం దారంతో అంచు కుట్టిన దిండు. ఆ నీలం అంచు మాస్టారు రోజూ చూసేదే. నెలన్నర కిందటిదాకా అది కర్టెన్ పక్క కుర్చీలో ఉండేది. ఎలుకలు కొట్టేశాయేమో అంది అమ్మ, అడిగితే. దిండు కింద ఎర్రటి ఎల్ బోర్డు ఒకటి. దాని వెనక మాస్టారి చేతిరాతతో బడి పేరు. అది పోయిందనే పూలకొట్టు అమ్మాయిని ఆయన వారంపాటు అనుమానించారు.

మాస్టారు దిండు చేతిలోకి తీసుకుని, భార్య వంక చూశారు.

"ఆ ఎడమ తుంటి పల్లం మన ఇంటి కుర్చీలో కూడా ఉందండీ" అంది సీట్లక్క నెమ్మదిగా. "ఏటా దానికి స్పాంజి మార్చేది నేనే. నా వేళ్ళకి తెలియదా?"

"ఆ దిండు నాదే, అక్కడ పెట్టు. నలపకు" అన్న మాట వినిపించింది వెనక నుంచి.

డాక్టరమ్మ ఇంటి మెట్ల మీద అమ్మ నిలబడి ఉంది. చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపి, కాళ్ళకి గుడ్డబూట్లతో. చెప్పులతో పెడల్ తొక్కకూడదు, అన్నది మాస్టారి బడిలో రెండోరోజు పాఠం.

మాస్టారు తాను కట్టిన ఆ బూట్ల లేసుల వంక చూశారు. ఇరవై రెండేళ్ళు మాటలతో బతికిన మనిషికి అప్పుడు దొరికింది చాలా చిన్న మాట.

"అమ్మా, నువ్వా?"

"నేనే. ఏం, రాకూడదా?" అమ్మ మెట్లు దిగి వచ్చింది. "పొద్దున పార్కుకని వచ్చి, మిల్లు ఆవరణలో రోజూ గంటసేపు. పక్కన డాక్టరమ్మ. ముందు ఎల్ లైసెన్సు తీసుకునే ఎక్కానులే, నీ పరువు తీయలేదు. సోమవారం నా పరీక్ష."

"నన్నెందుకు అడగలేదమ్మా? ఊరందరికీ నేర్పానే!"

"అడిగాను."

అంతే అంది. గట్టిగా కూడా అనలేదు. డాక్టరమ్మ ఉన్నట్టుండి గేటు పక్క పూలకుండీలో ఎండుటాకులు ఏరడం మొదలుపెట్టారు.

"ఎనిమిదేళ్ళ కిందట. ఈవిడ ఫొటో గోడకి తగిలించిన రోజు. నాకూ నేర్పరా అన్నాను. ఈ వయసులో నీకెందుకమ్మా, ఎక్కడికెళ్ళాలన్నా తీసుకెళ్ళడానికి నేను లేనూ అన్నావు. మంచిగానే అన్నావులే, ప్రేమగానే అన్నావు. ఈవిడ కంటే నేను పెద్దదాన్నేం కాదు, ఒకే ఈడుదాన్ని. ఆ ఫొటో పక్కనే నిలబడి అన్నావు."

మాస్టారికి గుర్తొచ్చింది. చేతిలో సుత్తి కూడా ఉంది అప్పుడు. మేకు కొడుతూ, వెనక్కి తిరిగైనా చూడకుండా అన్నారు ఆ మాట. ఆయనకి సిగ్గేసింది. గోడకి కొట్టిన ఆ మేకు ఇప్పుడు తన గుండెల్లో దిగినట్టు అనిపించింది. కారు డిక్కీ అంచున కూలబడ్డారు, దిండు ఒళ్ళో పెట్టుకుని.

"మరి నేర్పిందెవరు? ఈవిడా?"

"ఈవిడ పక్కన కూర్చుంది, అంతే. నేర్పింది నువ్వే" అంది అమ్మ. "ఆ కర్టెన్ ఇనపరేకేం కాదుగా. పొద్దున్నుంచి సాయంత్రందాకా నీ గొంతే కదా నాకు పని. అద్దం, ఇండికేటరు, మెడ తిప్పి చూడ్డం, ఆ తరువాతే స్టీరింగు. నువ్వు ఒక్క ముక్క మర్చిపోతే కర్టెన్ వెనక నుంచి అందిద్దామని నోటిదాకా వచ్చేది. ఇక ఆ క్లచ్ మాట, పసివాడి తల కింద చెయ్యి, అది నీ సొంతం అనుకుంటున్నావా? పడుకోబెట్టి చెయ్యి తీస్తే చాలు లేచి కూర్చునేవాడివి. అర్ధగంట పట్టేది నా చెయ్యి నేను తెచ్చుకోవడానికి. నువ్వు స్కూలు పిల్లాడివిగా ఉన్నప్పుడు ఆ కథ నీకు నేనే చెప్పాను."

సీట్లక్క కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. మాస్టారు నవ్వలేదు. తన కాలికి ఇందాక క్లచ్ ఎందుకంత తెలిసినదానిలా తగిలిందో ఇప్పుడర్థమైంది ఆయనకి. సిగ్గుపడుతూనే ఆయన గర్వపడుతున్నారు. వందలమందికి చెప్పిన పాఠం పూర్తిగా విన్నది ఒక్కరే, ఫీజు కట్టని, బడిలో పేరు లేని అమ్మ.

"కారు కొనమని పొద్దున ఒక్క మాటైనా అనలేదేం?" అన్నారు.

"నీకు కొత్త కారు మీద మనసుంటే నేనెలా అంటాను? నీ సరదా నీది. ఎల్లుండి పరీక్షకి ఈ కారు ఉంటే చాలు, ఆ తరువాత ఎవరు కొనుక్కున్నా ఫరవాలేదని డాక్టరమ్మతో అనుకున్నాను. పరీక్షదాకా ఆగమంటే ఆగుతానంది." అమ్మ చెయ్యి చాపింది. "తాళాలివ్వు. పాఠం అప్పగిస్తాను. తప్పులుంటే చెప్పు. తల్లినని మార్కులు వేయకు."

అమ్మ ఎల్ బోర్డు తీసి కారు వెనక తగిలించింది. దిండు సీటు మీద వేసుకుని, అంచుకి జరిగి, ఎడమ తుంటి మీద బరువేసి కూర్చుంది. సీటు ముందుకి లాక్కుంది. మాస్టారు ఈసారి ఏ తలుపు తీయాలో తడుముకోలేదు. పక్కసీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నారు. 

"నేను డాక్టరమ్మగారి దగ్గర ఉంటాను. మీరిద్దరూ వెళ్ళిరండి" అంది సీట్లక్క. ఆ మనిషికి ఎప్పుడు తప్పుకోవాలో తెలుసు.

కారు కదిలింది. కదిలినట్టు తెలియలేదు, గేటు వెనక్కి పోతుంటే తెలిసింది. మాస్టారి కుడికాలు అలవాటుగా ముందుకి సాగింది, లేని బ్రేకు కోసం. ఎవరి పక్కన కూర్చున్నా ఆ కాలు అలా నేలని తొక్కుతూనే ఉంటుంది. బస్సులో కూడా తొక్కుతుంది. ఒకసారి సినిమా హాల్లో కూడా తొక్కితే ముందు సీటాయన తిరిగి చూశాడు. అమ్మ మొదటి గేరు దాటింది. రెండో గేరు దగ్గర పెదవులు కదిపి దానితో ఏదో అంది, అది పడింది. ఎదురుగా సైకిలు మీద కూరగాయల బుట్టతో ఒకాయన వచ్చాడు. అమ్మ ముందుగానే నెమ్మదించి, దారిచ్చి, మళ్ళీ వేగం అందుకుంది. మాస్టారు కిందికి చూసుకున్నారు. ఆయన కుడికాలు మడమ మీద ఆని, హాయిగా ఉంది. దేన్నీ తొక్కడం లేదు. ఇన్నేళ్ళలో ఆ కాలు అలా ఊరుకోవడం ఆయనకి తెలిసి ఇదే మొదలు.

వీధి చివర అమ్మ కారు ఆపింది. సరిగ్గా గీత దగ్గర. మెయిన్ రోడ్డు మీద లారీలు పోతున్నాయి, అవి తగ్గేదాకా ఆగాలి. అప్పుడే మాస్టారి జేబులో ఫోను మోగింది.

"సార్, షోరూము నుంచండీ. ఐదవుతోంది. మీ కారు కడిగి రెడీగా పెట్టేశాం సార్. వచ్చేస్తున్నారా?"

మాస్టారు కళ్ళు మూసుకున్నారు. ఆ ప్లాస్టిక్ కాగితం ఒక్కసారి కళ్ళ ముందు తళుక్కుమంది. అబద్ధమెందుకు, ఆశ అంత తేలిగ్గా చావదు. ఆయన పక్కకి చూశారు. అమ్మ రెండు చేతులూ స్టీరింగు మీద ఆయన నేర్పిన చోటే పెట్టి, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా కూర్చుని ఉంది. ఆయన ఏమంటారో వినాలని కూడా ఇటు తిరగలేదు.

"ఆ కారు తరువాతవాళ్ళకి ఇచ్చేయండమ్మా" అన్నారు.

"అయ్యో, ఏమైంది సార్? ఎవరి కాలూ పడకూడదని అన్నారుగా, నేను దగ్గరుండి చూసుకున్నాను సార్!"

"తెలుసమ్మా, నీ పుణ్యం. కానీ మా అమ్మ కాలు పడిన కారు దొరికింది నాకు. అంతకంటే కొత్తది మీ దగ్గర ఉండదు."

ఫోను పెట్టేశారు. అమ్మ మణికట్టుతో ఒకసారి ముక్కు తుడుచుకుంది. "కారులో ఫోను మాట్లాడకూడదని పాఠం" అంది.

"నడిపేది నువ్వు కదమ్మా, నేను కాదుగా."

ఇద్దరూ నవ్వారు. లారీలు ఇంకా పోతూనే ఉన్నాయి. మాస్టారికి చాలా తృప్తిగా ఉంది. సీటులోకి వెనక్కి జారగిలి, ఎనిమిదేళ్ళ కిందట గోడ వైపు తిరిగి ఉండగా అడగాల్సిన మాట ఇప్పుడు అడిగారు.

"అప్పుడు నేర్పమన్నప్పుడు, నీకు ఎక్కడికైనా వెళ్ళాలని ఉండిందా అమ్మా?"

"ఇప్పటికి అడిగావు" అంది అమ్మ.

రోడ్డు ఖాళీ అయింది. ఇంటికి వెళ్ళాలంటే ఇక్కడ ఎడమకి తిరగాలి. అమ్మ అద్దంలో చూసింది. మెడ తిప్పి చూసింది. కుడి ఇండికేటరు వేసింది.